2025 మే నెలలో భయపడి గూగుల్ షేర్లు అమ్మేశా, రాత్రి రేటు చూశాక నిద్ర పట్టలేదు.. ఈ కోర్టు కేసుల్ని అసలు ఎలా అర్థం చేసుకోవాలి?

మియాపూర్_మామూలోడు:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక లేనోళ్లు వదిలేయండి.

2023 నవంబర్ నుంచి 2024 మార్చి లోపల, చీటీ ఎత్తిన డబ్బులు కొంత, బోనస్ కొంత కలిపి నాలుగైదు విడతల్లో ఆల్ఫాబెట్ షేర్లు కొన్నా, అంటే గూగులే. మొత్తం 55 షేర్లు, సగటున 141 డాలర్లు పడింది. జీవితంలో మొదటిసారి అమెరికా షేరు కొనడం, పదేళ్లు కదపను అని మా ఆవిడకి కూడా చెప్పా.

ఆ తర్వాత కేసులు మొదలు. నిజానికి అమెరికా గవర్నమెంటు కేసు 2020 లోనే వేసిందంట, నేను కొనేముందు ఆ సంగతి చూసుకోలేదు, అది వేరే విషయం. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్‌ది గుత్తాధిపత్యమే, దాన్ని నిలబెట్టుకోడానికి చట్టం తప్పింది అని తీర్పిచ్చాడు. షేరు నాలుగున్నర శాతం దాకా పడింది. కానీ అదే రోజు జపాన్ మార్కెట్ సూచీ నిక్కీ 12 శాతం కూలింది, ప్రపంచం మొత్తం ఎర్రగానే ఉంది, కాబట్టి నా నష్టంలో కోర్టు వాటా ఎంతో జపాన్ వాటా ఎంతో తెలీక ఊరుకున్నా. నవంబర్‌లో గవర్నమెంటు లాయర్లు క్రోమ్ బ్రౌజర్ అమ్మించెయ్యాలి అని కోర్టుకి రాసిచ్చారు, మళ్లీ నాలుగు శాతం పైన పోయింది. 2025 ఏప్రిల్ 17న వర్జీనియాలో ఇంకో జడ్జి, యాడ్స్ కేసులో కూడా గూగుల్‌దే తప్పు అంది. అప్పుడు కూడా పళ్లు బిగబట్టి ఉంచుకున్నా.

మే 7న మాత్రం నా వల్ల కాలేదు. యాపిల్‌లో పెద్దాయన ఎడ్డీ క్యూ కోర్టులో సాక్ష్యం చెప్తూ, మా బ్రౌజర్ సఫారీలో సెర్చ్‌లు ఏప్రిల్‌లో మొదటిసారి తగ్గాయి, జనం ఏఐ వైపు పోతున్నారు అన్నాడు. నా కళ్ల ముందే 163 నుంచి 151 కి జారింది. ఓ పక్క కోర్టు, ఇంకో పక్క ఏఐ, ఇక కంపెనీ పని అయిపోయింది అనుకుని మర్నాడు 153 దగ్గర మొత్తం అమ్మేసి, డబ్బులు ఇక్కడికి తెప్పించి ఎఫ్‌డీ చేశా. మా నాన్న ఒక్కరే సంతోషించారు.

మొన్న సెప్టెంబర్ 2న సెర్చ్ కేసులో శిక్ష ఏంటో చెప్తూ మెహతాగారి ఆర్డర్ వచ్చింది. రాత్రి 9 శాతం పెరిగి 230 దగ్గర క్లోజ్ అయింది. లెక్కేసుకుంటే మూడున్నర లక్షల పైనే వదిలేసుకున్నా.

నాకు అర్థం కానిది ఇదీ. కోర్టు ఏమో తప్పు చేశావు అంది, ఆ మాట వెనక్కి తీసుకోలేదు, మరి షేరు పండగ చేసుకోవడం ఏంటి? ఇంకా యాడ్స్ కేసు 22న మళ్లీ మొదలంట, ఇప్పుడు 230 లో మళ్లీ దూరాలా, అది తేలేదాకా ఆగాలా? తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ కాస్త అర్థమయ్యేలా తిట్టండి.

కృష్ణాతీరం:

తమ్ముడూ, తిట్టడం ఎందుకు, నేను బ్యాంకులో 30 ఏళ్లు చేసి రిటైర్ అయ్యా, నీలాంటి అమ్మకాలు నా కౌంటర్ ముందే వందలు చూశా, నేనూ చేశా.

నీకు లిటిగేషన్‌లో ఉన్న స్థలం సంగతి తెలుసుగా. మంచి సెంటర్‌లో 400 గజాలు, కోర్టులో కేసు. చుట్టుపక్కల గజం లక్ష ఉంటే దీన్ని 60 వేలకి కూడా ఎవడూ అడగడు. ఎందుకంటే కొనేవాడికి తెలిసేది ఒకటే, పోతే మొత్తం పోవచ్చు అని. ఐదేళ్ల తర్వాత తీర్పు వచ్చింది, రోడ్డు వైపు 20 గజాలు వదిలెయ్, మిగతాది నీదే అన్నారు అనుకో. స్థలం ఓనరు కేసు ఓడిపోయినట్టే కదా? అయినా మర్నాడు ఆ స్థలం రేటు పెరుగుద్ది. 20 గజాలు పోయినందుకు కాదు, 380 గజాలకి టైటిల్ క్లియర్ అయినందుకు. మొన్న జరిగింది అచ్చంగా అదే.

పోవచ్చు అని భయపడినవి రెండు. ఒకటి క్రోమ్. రెండోది డబ్బులిచ్చి డిఫాల్ట్‌గా పెట్టించుకునే పద్ధతి మొత్తానికే బంద్ కావడం. 2022 ఒక్క ఏడాదే యాపిల్‌కి గూగుల్ 20 బిలియన్ డాలర్లు కట్టింది, ఐఫోన్‌లో సెర్చ్ కొడితే గూగుల్‌కే వచ్చేలా. సఫారీ మీద వచ్చే సెర్చ్ యాడ్ ఆదాయంలో 36 శాతం యాపిల్‌కి పోతోందని ట్రయల్‌లో గూగుల్ తరఫున వచ్చిన ఎకనామిక్స్ ప్రొఫెసరే నోరు జారాడు. జడ్జి ఏం చేశాడు? క్రోమ్ అమ్మక్కర్లేదు అన్నాడు. డబ్బులు ఇచ్చుకోవచ్చు అన్నాడు, కాకపోతే నన్ను తప్ప ఇంకెవర్నీ పెట్టొద్దు అనే షరతు కుదరదు అన్నాడు. సెర్చ్ డేటా కొంత అర్హత ఉన్న పోటీదార్లకి ఇవ్వాలి అన్నాడు, ఆరేళ్ల పాటు నిఘా. ఇవీ మన 20 గజాలు.

అందుకే చూడు, యాపిల్ కూడా ఆ రోజు 4 శాతం దగ్గరదాకా పెరిగింది. కేసులో ముద్దాయి కాదు, సాక్షి. సాక్షి షేరు కూడా పెరిగిందంటే మార్కెట్ ఏ లైను చూసి కొన్నదో తెలిసిపోతుంది కదా.

కేసు వేసింది 2020 అక్టోబర్ 20న. ఆ రోజు కూడా షేరు పడలేదు, ఒక శాతం పైన పెరిగింది. తర్వాత చేసిన స్ప్లిట్ (ఒక్కో షేరుని చిన్న షేర్లుగా విడగొట్టడం) లెక్కలో చూస్తే అప్పటి రేటు 78 డాలర్ల లోపే. ఈ ఐదేళ్లూ కేసు నడుస్తూనే ఉంది, షేరు మూడింతలు అయింది.

జెర్సీసిటీ_రావు:

కృష్ణాతీరం గారు చెప్పిన స్థలం పోలిక బాగుంది, మా టీమ్‌లో తెలుగోళ్లకి ఫార్వర్డ్ చేశా. దానికి ఒక ముక్క కలుపుతా, ఎందుకంటే ఓపీ, అంటే ఈ పోస్టు పెట్టినాయన, అమ్మింది కోర్టు తీర్పుకి కాదు, ఒక సాక్షి మాటకి, ఆ సాక్షి ఎవరు, ఎందుకు వచ్చాడు అన్నది ఎవరూ అడగలేదు, నేను కూడా ఆ రోజు అడగలేదు.

ఎడ్డీ క్యూ ఎవరండీ, ఆ 20 బిలియన్లు అందుకునే కంపెనీ మనిషి. ఆయన బోనెక్కింది ఏం కాపాడుకోడానికి? ఆ చెక్కు ఆగిపోకుండా. జడ్జికి ఆయన చెప్పదల్చుకుంది ఏంటి? అయ్యా, మీరు ఈ పేమెంట్లు ఆపాల్సిన పని లేదు, పోటీ దానంతట అదే వచ్చేసింది, ఇదిగో ఏఐ, ఇదిగో మా సఫారీలో సెర్చ్‌లు కూడా తగ్గాయి అని. అంటే ఆయన మాట్లాడింది గూగుల్‌కి పనికొచ్చే వాదన! అది కోర్టు హాల్లో గూగుల్‌ని కాపాడే మాట, బయట మార్కెట్లో గూగుల్‌ని 7 శాతం ముంచిన మాట. అదే రోజు గూగుల్ స్టేట్‌మెంట్ కూడా ఇచ్చింది, మా సెర్చ్‌లు మొత్తమ్మీద పెరుగుతూనే ఉన్నాయి, యాపిల్ ఫోన్లలో కూడా అని. ఎవరు విన్నారు?

ఇప్పుడు మెహతా ఆర్డర్ చూడండి. జెనరేటివ్ ఏఐ వచ్చి ఈ కేసు దారే మారిపోయింది అని రాశాడు. 2023 సెప్టెంబర్‌లో ట్రయల్ మొదలైనప్పుడు ఏఐ చాట్‌బాట్ల ఊసు కేసులో పెద్దగా లేదు, రెమెడీ, అంటే ఏం శిక్ష వెయ్యాలి అన్న దగ్గరికొచ్చేసరికి అదే నడుమ కూర్చుంది. భవిష్యత్తు ఎలా ఉంటుందో చూసే అద్దం నా దగ్గర లేదు, కాబట్టి జాగ్రత్తగా వెళ్తా అన్నట్టు రాసుకొచ్చాడు. సో మే నెలలో ఏ కారణం చూసి మీరు అమ్మేశారో, సెప్టెంబర్‌లో అదే కారణం గూగుల్‌ని గట్టెక్కించింది. ఒకే నిజానికి రెండు రేట్లు.

ఇంకో కామెడీ, ఆగస్టులో పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ వాళ్లు క్రోమ్‌ని 34.5 బిలియన్లకి కొంటాం అని ఆఫర్ పెట్టారు, వాళ్ల సొంత కంపెనీ విలువే అంత లేదు. మా ఆఫీస్ క్యాంటీన్‌లో రెండ్రోజులు అదే టాపిక్.

నేనేమీ తెలివైనోణ్ణి కాదండోయ్, నా పేరు మీద ఉన్నది ఇండెక్స్ ఫండే (సూచీలో ఉన్న కంపెనీలన్నీ కలిపి కొనేది), అందులో గూగుల్ ఉంది కాబట్టి అమ్మే ఛాన్స్ దొరకలేదు అంతే.

కరీంనగర్_పోరడు:

ఏందన్నా అందరు గింత ధీమాగ మాట్లాడుతున్నరు. ఒక్కసారి 2000 సంవత్సరం యాది చేసుకోండ్రి.

మైక్రోసాఫ్ట్ మీద 1998 మే నెలల కేసేసిన్రు, బ్రౌజర్ లొల్లే, విండోస్‌ల ఎక్స్‌ప్లోరర్ అంటగట్టిన్రు అని. 2000 ఏప్రిల్ 3 నాడు జడ్జి జాక్సన్ తప్పు వీళ్లదే అన్నడు, ఒక్క దినంల షేరు 14, 15 శాతం మునిగింది, అమెరికా టెక్ షేర్ల సూచీ నాస్డాక్ మొత్తం 7 శాతం పైన గుంజుకపోయింది. జూన్‌ల కంపెనీని రెండు ముక్కలు చెయ్యున్రి అన్నడు. 2001ల పై కోర్టు ఆ ముక్కలు చేసుడు కొట్టేసింది, సెటిల్మెంట్ అయింది, మీరన్నట్టే టైటిల్ క్లియర్ అయింది. మరి షేరేమాయె? 1999 డిసెంబర్‌ల ఉన్న రేటు మళ్ల చూడనీకి 2016 దాక పట్టింది. పదహారేండ్లు! పెండ్లయి పిల్లలు ఇంటర్‌కొస్తరు ఆలోపు.

కేసు గెల్సుడు వేరే, కేసుల ఉన్నన్ని రోజులు కంపెనీ భయంభయంగ ఉండుడు వేరే. లాయర్‌ను అడగకుండ ఒక ఫీచర్ పెట్టలేరు. గా సందుల కొత్తోడు లోపటికొస్తడు. మైక్రోసాఫ్ట్ గట్ల భయపడ్డ టైంలనే గూగుల్ పెద్దగయింది అంటరు చాలమంది. రేపు గూగుల్ భయపడితే ఎవడు పెద్దగైతడో గది చూసుకోవాలె. మామూలన్న, నువ్వు అమ్ముడు తప్పే గని మరీ గంత తప్పు గాదు.

జెర్సీసిటీ_రావు:

@కరీంనగర్_పోరడు తమ్ముడూ పాయింట్ బాగుంది కానీ ఆ పదహారేళ్లని జడ్జి ఖాతాలో రాయకు. 1999 చివర్లో మైక్రోసాఫ్ట్ షేరు రేటు కంపెనీ ఏడాది లాభానికి 60 రెట్ల పైన నడుస్తోంది, డాట్‌కామ్ పిచ్చి. ఆ రేటు కోర్టు లేకపోయినా నిలిచేది కాదు. మన ఓపీ అమ్మిన 153 దగ్గర గూగుల్ లాభానికి 20 రెట్లు కూడా లేదు. భయం అంతా అప్పటికే రేట్లో కూర్చుని ఉంది.

కొత్తోడు దూరతాడు అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కాకపోతే కేసు ఉన్నా లేకపోయినా దూరతాడేమో.

వైజాగ్_వాన:

మీరంతా రేటు గురించే మాట్లాడుతున్నారు, ఒక్కళ్లైనా న్యాయం జరిగిందా అని అడిగారా.. ఐదేళ్లు కేసు నడిపి, చట్టం తప్పావు అని తేల్చి, చివరికి డబ్బులు ఇచ్చుకో కానీ ఒట్టు పెట్టించుకోకు అనడం, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంది నాకైతే. 2023 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ నడిపే మన సత్య నాదెళ్ల ఆ కోర్టుకే వచ్చి చెప్పాడు కదా, యూజర్లు కావాలంటే డిఫాల్ట్ మార్చుకుంటారు అనేది ఒట్టి మాట అని. పొద్దున లేచి పళ్లు తోముకుని గూగుల్‌లో వెతుకుతారు, అంతే అలవాటు అన్నాడు. ఆయనకీ బింగ్ అనే సొంత సెర్చ్ స్వార్థం ఉందనుకోండి. అయినా మాట అబద్ధం కాదు, మా అమ్మ ఫోన్‌లో బ్రౌజర్ ఏదో మా అమ్మకి తెలీదు.

షేరు 9 శాతం పెరిగింది అంటే, శిక్ష ఎంత చిన్నదో మార్కెట్ కొలిచి చెప్పినట్టే కదా.

లెక్కల_లక్ష్మి:

న్యాయం సంగతి తర్వాత, మామూలోడు గారూ, మీ పోస్టులో మీరు అడగనిది ఒకటి నాకు కనబడింది. నేను సీఏ చేస్తున్నా, అలవాటు కొద్దీ చెప్తున్నా, ఏమీ అనుకోకండి.

మీరు కొన్నది 2023 నవంబర్ తర్వాత, అమ్మింది 2025 మే. విదేశీ షేర్లు లాంగ్ టర్మ్ అవ్వాలంటే 24 నెలలు దాటాలి, మన షేర్లకి లాగా ఏడాది కాదు. కాబట్టి మీ లాభం మొత్తం షార్ట్ టర్మ్, మీ స్లాబు ప్రకారం పన్ను. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే మొదట కొన్నవాటికి పన్నెండున్నర శాతంతో పోయేది. సరే, ఆ లాభం ఈ ఆర్థిక సంవత్సరంది, వచ్చే ఏడాది రిటర్న్‌లో చూపిస్తారు.

కానీ అసలు ముఖ్యమైంది ఈ సెప్టెంబర్ 15, రిటర్న్ వెయ్యడానికి ఆఖరి గడువు. 2024 క్యాలెండర్ ఇయర్‌లో ఆ షేర్లు మీ దగ్గర ఉన్నాయి కదా, ఇప్పుడు వేసే రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ, అంటే విదేశీ ఆస్తులు చూపించే భాగం, నింపాలి, అమ్మేశాను కదా అని వదిలెయ్యకూడదు. ఐటీఆర్ 1 వేసేసి ఉంటే అది పనికిరాదు, ఐటీఆర్ 2 తో రివైజ్ చెయ్యండి. గూగుల్ ఇచ్చిన డివిడెండ్ కూడా, చిన్నదే అనుకోండి, 2024లో షేరుకి మూడు నెలలకి 20 సెంట్లు, అక్కడ 25 శాతం పట్టుకుని మిగతాది ఇస్తారు, అది కూడా చూపించి ఆ పట్టుకున్న పన్నుకి క్రెడిట్ అడగొచ్చు. చాలామంది రేటు గురించి రాత్రంతా కూర్చుంటారు, దీని గురించి పది నిమిషాలు కూర్చోరు.

మియాపూర్_మామూలోడు:

లక్ష్మి గారూ, గుండె ఆగినంత పని చేశారు. ఐటీఆర్ 1 జూలైలోనే వేసేశా, ఆఫీసులో ఒకతను అందరికీ కలిపి వేస్తే నాదీ ఇచ్చా. ఇవ్వాళే కూర్చుంటా.

రావు గారూ, ఆ సాక్షి ఎందుకొచ్చాడు అన్న మాట చదివాక రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టేశా. హెడ్‌లైన్ చూసి అమ్మానండీ, యాపిల్ వాళ్లే చెప్తున్నారంటే నిజమే అయ్యుంటుంది అనుకున్నా, వాళ్లకేం లాభం అని ఆలోచించలేదు. పోరడు తమ్ముడూ, గంత తప్పు గాదు అన్నందుకు థాంక్స్, మా ఆవిడకి ఆ ఒక్క లైను చూపించా.

కానీ యాడ్స్ కేసు గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ స్థలం మొత్తం పోయే కేసా, 20 గజాల కేసా?

కృష్ణాతీరం:

రెండ్రోజులు ఊళ్లో లేను, అందుకే లేటు.

అక్కడ జడ్జి లియోనీ బ్రింకెమా, అలెగ్జాండ్రియా కోర్టు. ఆమె ఏప్రిల్‌లో చెప్పింది ఏంటంటే, వెబ్‌సైట్లు తమ దగ్గరున్న యాడ్ జాగాని అమ్ముకోడానికి వాడే సర్వరూ, ఆ వేలంపాట జరిగే ఎక్స్చేంజీ, ఈ రెండిట్లో గూగుల్ గుత్తాధిపత్యం చేసింది అని. యాడ్స్ కొనేవాళ్ల వైపు నెట్‌వర్క్ గురించి చేసిన ఆరోపణ మాత్రం నిలబడలేదు. అర్థం కావాలంటే మార్కెట్ యార్డ్ అనుకో, రైతు తరఫు దళారీ తనే, పాట పాడించేదీ తనే. పాట పాడించేవాడు దళారీగా కూడా ఉండొద్దు, ఆ ఎక్స్చేంజీ అమ్మెయ్ అని గవర్నమెంటు అడుగుతోంది. 22 నుంచి వాదన దాని మీదే.

ఇక నీ ప్రశ్న. 2024లో కంపెనీ మొత్తం ఆదాయం 350 బిలియన్లు. సెర్చ్ వాటా 198. ఇతరుల సైట్ల మీద వేసే యాడ్స్, అంటే నెట్‌వర్క్ అని చూపించే లైను, 30. అది కూడా ఏటా తగ్గుతోంది, పైగా అందులో పెద్ద భాగం ఆ సైట్లవాళ్లకే పంచాలి. కాబట్టి అమ్మమన్నా సరే పెరటి గోడ పోతుంది, ఇల్లు పోదు. ఇది నా అభిప్రాయం, జడ్జి మనసులో ఏముందో మనకెవరికీ తెలీదు. మెహతా మెత్తగా ఉన్నాడని ఈమె కూడా అలాగే ఉంటుందని మాత్రం నేను డబ్బు పెట్టను. ఏప్రిల్ తీర్పు రోజు షేరు ఒకటిన్నర శాతం కూడా పడలేదు, దాన్ని బట్టి మార్కెట్ ఏమనుకుంటోందో చూడు.

నిన్న యూరప్ వాళ్లు కూడా ఇదే యాడ్స్ విషయంలో 2.95 బిలియన్ యూరోల ఫైన్ వేశారు. షేరు పట్టించుకోలేదు, ఇంకో శాతం పెరిగింది. 2022 అక్టోబర్‌లో మన సీసీఐ (మార్కెట్లో పోటీని చూసే కమిషన్) ఆండ్రాయిడ్ మీద 1,337 కోట్లు వేసినప్పుడు షేరు కదిలినట్టు ఎవరికైనా గుర్తుందా? ఫైన్ అంటే వాళ్లకి కరెంటు బిల్లు లాంటిది. వ్యాపారం చేసే పద్ధతి మార్చమన్నప్పుడే మార్కెట్ తలెత్తి చూస్తుంది.

మళ్లీ దూరాలా వద్దా అనేది నేను చెప్పను బాబూ. 230 లో కొని ఇంకో సాక్షి మాటకి 200 లో అమ్మే రకం అయితే మాత్రం నాన్నగారి ఎఫ్‌డీనే బెటరు.

కరీంనగర్_పోరడు:

మార్కెట్ యార్డ్ ముచ్చట మంచిగ సమజైంది పెద్దాయినా. మా జమ్మికుంట పత్తి యార్డ్‌ల కమీషన్ ఏజెంటే పాట కూడ పాడిస్తే రైతు పని అయిపాయె గదా.

మియాపూర్_మామూలోడు:

పెద్దాయన చివరి లైను గట్టిగా తగిలింది. 22 దాకా ఏమీ కొనను, ఆ తర్వాత కూడా మొత్తం ఒకేసారి కాదు.

లక్ష్మి గారూ, ఐటీఆర్ 2 ఓపెన్ చేశా. షెడ్యూల్ ఎఫ్ఏ లో పీక్ వాల్యూ అని అడుగుతోంది. అది నేను కొన్న రేటా, డిసెంబర్ 31 రేటా?

లెక్కల_లక్ష్మి:

రెండూ కాదు. 2024 జనవరి నుంచి డిసెంబర్ లోపల మీ దగ్గరున్న షేర్ల విలువ ఏ రోజు అన్నిటికంటే ఎక్కువ ఉందో ఆ రోజుది. మీకది డిసెంబర్ మధ్యలో ఎక్కడో తగులుతుంది, అప్పుడు 195 దాటింది కదా. ఆ తేదీకి ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటుతో (బ్యాంకు మన దగ్గర డాలర్లు కొనే రేటు) రూపాయల్లోకి మార్చి వెయ్యండి. డిసెంబర్ 31 విలువకి వేరే గడి ఉంటుంది, దాని పక్కనే. నాలుగైదు విడతల్లో కొన్నారు కాబట్టి ఒక్కో విడతకి ఒక్కో లైను పెడితే తర్వాత తలనొప్పి ఉండదు.